నేటివ్ అంటే ఏ ఊరు?

ఆదోని,
3 ఫిబ్రవరి 2025.

సప్తసముద్ర ఇంగ్లీషు బోధనా సంస్థ,
ఫిర్యాదుల విభాగం, హైదరాబాద్.

నేను నేర్పిన ఇంగ్లీషు మాట్లాడినందుకు నా విద్యార్థిని దొంగ అన్నారు. నన్ను దొంగకు తోడు అన్నారు. ఒక్క మాట అడగకుండా నా క్లాసు మూసేశారు.

పైన నమస్కారం లేదేమా అని చూస్తున్నారేమో. మర్చిపోలేదు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషులో రాస్తే మీరు తప్పులు వెతుక్కుంటూ కూర్చుంటారు, విషయం పక్కకు పోతుంది. పోస్టులో ఎందుకంటే, ఫిర్యాదులు కాగితం మీద సంతకంతో పోస్టులో వస్తేనే తీసుకుంటామని మీ నిబంధనల్లో ఉంది. దేశాలు దాటించి ఫోన్‌లో పాఠం చెప్పిస్తారు, మీకు ఫిర్యాదు చేయాలంటే మాత్రం బిళ్ల అంటించి డబ్బాలో వేయాలి.

నా పేరు గౌరి. వయసు ఇరవై నాలుగు. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తిలోంచి చెత్త ఏరే పని. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు. ఇంటర్ మొదటి ఏడాదిలో ఆపేశాను. ఇంగ్లీషు నాకెవరూ నేర్పలేదు. మిల్లులో మిషను మీద ఎర్రక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది, చేతులు దూరంగా ఉంచమని. నాకంటే ముందు అక్కడ పనిచేసినామెకు అది చదవడం రాదు. రెండు వేళ్లు పోయాయి. నా మొదటి పాఠం అదే. ఆ తర్వాత కంటికి కనిపించిన ఇంగ్లీషంతా చదివాను. పురుగుమందు డబ్బాలు, బేళ్ల మీది చీటీలు, పొట్లం కట్టిన పేపర్లు, ఆఖరికి ఫోన్‌లో వంటల వీడియోలు. ఏడాది కిందట మీరు పరీక్ష పెడితే పాసయ్యాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మీ తరఫున పాఠం చెప్పాను.

దిల్‌నోజా నా విద్యార్థిని. ఉజ్బెకిస్తాన్‌లో అండిజాన్ అనే ఊరు. ఆమెదీ పత్తి మిల్లే. మొదటి రోజు ఫోన్‌లో ఆమె తల మీద దూది చూసి నేను నవ్వాను. నా తల చూసి ఆమె నవ్వింది. అంతవరకు ఇద్దరికీ ఇంగ్లీషుతో పనిపడలేదు.

బ్రిటన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో ఆమెకు పని దొరికింది. ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసైతేనే రమ్మన్నారు. జనవరి 18న రాసింది. పాసైంది. ఆరున్నర వచ్చింది. పదకొండు రోజులకు పరీక్షల బోర్డు నుంచి కాగితం వచ్చింది: పరీక్షలో మాట్లాడింది దిల్‌నోజా కాదు, భారతదేశంలోని ఆదోని ప్రాంతపు స్త్రీ, అందుచేత ఫలితం రద్దు. మార్చి 28లోపు అది తప్పని తేలకపోతే మూడేళ్లపాటు ఏ పరీక్షా రాయనివ్వరు. ఉద్యోగం ఎలాగూ పోతుంది.

నాకు మీ నుంచి కావలసింది ఒక్క ఉత్తరం. "ఆ గొంతు దిల్‌నోజాదే. ఆదోనిలోని గౌరి దగ్గర నేర్చుకుంది కాబట్టి అలా మాట్లాడుతుంది" అని బోర్డుకు రాయండి. పది రోజుల్లో.

గౌరి

తా.క.: సప్తసముద్ర అని పేరు పెట్టుకున్నారు. మా వీధికి కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. సముద్రాల సంగతి నాకు తెలియదు గానీ, తొట్టి నింపుతానని చెప్పి నింపకపోతే ఎట్లా అడగాలో తెలుసు.


హైదరాబాద్,
10 ఫిబ్రవరి.

గౌరవనీయులైన గ్రేస్ గారికి,

సప్తసముద్ర కుటుంబం తరఫున శుభాభివందనాలు. మీ చిరునామా నుంచి గౌరి అనే వ్యక్తి రాసిన లేఖ అందినది. పరిశీలించడమైనది.

దిల్‌నోజా అను విద్యార్థినికి పాఠం చెప్పినవారు మా రికార్డుల ప్రకారం గ్రేస్ గారు, అనగా మీరు. మీ పేరు ఎదుట 'నేటివ్ స్పీకర్' అనే గడిలో పచ్చ టిక్కు ఉన్నది. అంటే మీరు పుట్టుకతోనే ఇంగ్లీషు మాట్లాడే దేశస్థులు. గౌరి అనే పేరుతో మా వద్ద ఎవరూ లేరు. సంబంధం లేని మూడో వ్యక్తి చేసే ఫిర్యాదు నిబంధన ఏడు ప్రకారం చెల్లదు. కావున ఫిర్యాదు ఉన్నచో మీరే స్వయంగా రాయగలరు.

అంతేగాక, ఆదోని ప్రాంతపు స్త్రీ ఎవరో మీ విద్యార్థిని బదులు పరీక్షలో మాట్లాడినట్లు బోర్డు వారు తెలిపి ఉన్నారు. గౌరి అనే ఆమె అదే ఊరి నుంచి రాయడం మేము గమనించకపోలేదు. ఆమెతో జాగ్రత్తగా ఉండగలరు.

సదా మీ సేవలో,
ఆర్. రాఘవ్,
సహాయ అధికారి, ఫిర్యాదుల విభాగం.

తా.క.: మీ ఇద్దరి చిరునామా ఒకటే అయినందున, ఈ లేఖను ఆమె కంట పడనీయవద్దు. ఇంకొక విషయం, ఆమె ఉత్తరంలో పిన్‌కోడు యాడా కనపడలేదు.


ఆదోని,
14 ఫిబ్రవరి.

రాఘవ్ గారికి,

మీరు దాచమన్న ఉత్తరం నా కంటపడింది. గ్రేస్ దాచలేకపోయింది. ఎందుకంటే గ్రేస్ అనే మనిషి లేదు. మీరే పుట్టించారు.

చేరిన రోజు మీ ఆఫీసు నుంచి నందిని అనే ఆమె ఫోన్ చేసింది. "గౌరి అంటే ఫారిన్ వాళ్లకు నోరు తిరగదండీ, గ్రేస్ అని పెడుతున్నాం" అంది. దిల్‌నోజా మొదటి రోజే గౌరి అంది, చక్కగా. నోరు తిరగనిది మా అమ్మ భీమమ్మకే.

"గిరీసా? బండి సక్రాలకు పూసేదా?" అంది.

ఇక ఆ పచ్చ టిక్కు. మీ ఫారంలో "నేటివ్ స్పీకరా? అవునంటే రుజువు జతచేయండి" అని ఉంది. నేటివ్ అనే మాట మాకు కొత్త కాదు. కాలేజీ సీటుకు అడుగుతారు, ఉద్యోగానికి అడుగుతారు, పుట్టి పెరిగింది ఈ ఊరే అని తహసీల్దారు ఆఫీసులో నేటివిటీ సర్టిఫికెట్ తెచ్చుకోమంటారు. నేనూ తెచ్చుకున్నాను. మీసేవలో దరఖాస్తు పెడితే విచారణకు వీఆర్వో ఉచ్చీరప్ప ఇంటికి వచ్చాడు.

"యాటికిమ్మా ఇది?"

"ఇంగ్లీషు పాఠం సెప్పేదానికి సార్."

"ఇంగ్లీషు సెప్పేదానికి ఆదోని నేటివ్ అని యాల అడుగుతారు?"

"ఏమో సార్. ఆదోని ఇంగ్లీషుకు గిరాకీ ఉందేమో."

ఆయన నవ్వి రాసిచ్చాడు. తహసీల్దారు సంతకం పెట్టాడు. నేను మీకు పంపించాను. మీరు చూసి పచ్చ టిక్కు పెట్టారు. నేటివ్ అంటే వేరే అర్థం ఉందని ఆ రోజు ఒక్కరూ చెప్పలేదు. ఇక స్పీకర్ సంగతంటారా, నేను మాట్లాడతానని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. దానికి మీరు రుజువు అడగలేదు.

పరీక్షలో మాట్లాడింది నేనే అనే అనుమానానికి జవాబు ఇదిగో. జనవరి 18, ఆ పరీక్ష మన టైములో పొద్దున పదిన్నరకు. ఆ టైముకు నేను మిల్లులో ఉన్నాను. హాజరు పుస్తకం నకలు పంపుతున్నాను. కింద సంతకం మా మేస్త్రీ హనుమన్నది. మిల్లులోకి ఫోన్ తేనివ్వరు. నా ఫోన్ ఆ రోజంతా ఇంట్లో మా అమ్మ దగ్గర ఉంది.

బోర్డుకు ఉత్తరం రాయండి. ఈసారి వారం.

గౌరి

తా.క.: పిన్‌కోడు 518301. "యాడా కనపడలేదు" అని రాశారు. మీది ఏ ఊరు?


హైదరాబాద్,
21 ఫిబ్రవరి.

గౌరవనీయులైన గౌరి (గ్రేస్) గారికి,

శుభాభివందనాలు. మీరు పంపిన హాజరు పుస్తకం నకలు అందినది. చేరినప్పుడు మీరిచ్చిన సర్టిఫికెట్‌ను కూడా ఫైలు నుంచి తీసి చూడడమైనది.

సర్టిఫికెట్ అసలైనదేనని నిర్ధారించుకున్నాము. మీరు ఆదోని నేటివ్ అనడంలో సంస్థకు ఎట్టి సందేహమూ లేదు. అయితే సంస్థకు కావలసింది ఇంగ్లీషు నేటివ్. ఇంగ్లీషు ఆదోనిలో పుట్టినట్లు ఆ సర్టిఫికెట్‌లో ఎక్కడా లేదు. ఈ విషయమై మా కార్యాలయంలో పచ్చ టిక్కు పెట్టిన ఉద్యోగి ప్రస్తుతం సెలవులో ఉన్నారు.

హాజరు పుస్తకాన్ని పరిశీలించిన మీదట ఈ క్రింది నిర్ణయానికి రావడమైనది. మీరు మిల్లులో ఉన్నారు. మాట్లాడిన గొంతు ఆదోని స్త్రీది. మీ ఫోన్ మీ మాతృమూర్తి భీమమ్మ గారి వద్ద ఉన్నది. కావున భీమమ్మ గారికి ఇంగ్లీషు ఎంతవరకు వచ్చునో, ఎక్కడ నేర్చుకున్నారో, గతంలో ఇతరుల తరఫున పరీక్షలు రాసిన అనుభవం ఉన్నదో లేదో తెలుపగలరు.

పరీక్షలో ఆ గొంతు 'అయ్యో' అనే మాటను నాలుగుసార్లు వాడినట్లు కూడా బోర్డు వారు తెలిపారు. అది ఉజ్బెక్ పదం కాదని మేము విచారించి తెలుసుకున్నాము.

సదా మీ సేవలో,
ఆర్. రాఘవ్.

తా.క.: గత లేఖలో 'యాడా' అనునది టైపింగు పొరపాటు. 'ఎక్కడా' అని చదువుకొనగలరు.


ఆదోని,
27 ఫిబ్రవరి.

రాఘవ్ గారికి,

మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె రొట్టె తడుతూ ఉంది.

"ఏమంటాండారు వాళ్లు?"

"లండన్ పరీక్ష రాసింది నువ్వేనంట."

"నేనా? పాసైనానా?"

"అయినావు. ఆరున్నర."

"మల్ల యాల కొట్టేసినారు?"

"దొంగతనంగా రాసినావని."

తట్టిన రొట్టెను పెనం మీద వేసింది. "పాసైంది మాత్రం నిజమే గదా?" అంది. మర్నాటికి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి లక్ష్మి వచ్చి కొడుక్కు ట్యూషన్ చెబుతావా అని మా అమ్మను అడిగి వెళ్లింది.

మా అమ్మకు వచ్చిన ఇంగ్లీషు రాసుకోండి. లోడింగ్. ఓవర్‌టైం. నో వర్క్. మూడూ మిల్లు గేటు దగ్గరే నేర్చుకుంది. మూడోది ఎక్కువగా వింటుంది.

ఇప్పుడు అయ్యో సంగతి. పరీక్షలో ఆ దొర ఏమడిగాడో దిల్‌నోజా నాకు చెప్పింది. "ముసలామె మంచం మీంచి పడిపోతే ముందు ఏం చేస్తావు?" అన్నాడట. పుస్తకంలో జవాబు, పై అధికారికి తెలియజేస్తాను అని. దిల్‌నోజా "ఫస్ట్ ఐ విల్ సే అయ్యో. దెన్ ఐ విల్ లిఫ్ట్" అంది. మీరైతే ఏం చేస్తారు? నిబంధన ఏడు చూస్తారా?

ఆ మాట నేను పాఠంలో చెప్పలేదు. నవంబరులో ఒకరోజు దిల్‌నోజా వాళ్లమ్మ ఎట్లా పోయిందో చెప్పింది. ఊపిరితిత్తుల్లో దూది ధూళి. ఆసుపత్రి వరండాలో పది రోజులు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పింది. మా అమ్మ వెనక పొయ్యి దగ్గర ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ మొహం చూస్తూ అయ్యో, అయ్యో అంటూనే ఉంది. కడపట దిల్‌నోజా కళ్లు తుడుచుకుని, "మేడమ్, వన్ డౌట్. వాట్ ఈజ్ దట్ వర్డ్?" అని అడిగింది. మనిషి బాధపడుతుంటే అనే మాట అన్నాను. నోటుపుస్తకంలో రాసుకుంది. అది ఇంగ్లీషు కాదని నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. తప్పు ఉంటే అది నాది. ఆమెది కాదు.

మొన్న సోమవారం బోర్డువాళ్లు ఆమెను వీడియోలో పిలిచి మాట్లాడించారు. పెదవులు సరిపోయాయట, గొంతు మీద మాత్రం అనుమానం పోలేదట. వెనక ఎవరో ఉండి మాట్లాడుతున్నారని గదంతా చూపించమన్నారు. మంచం కింద చూపించమన్నారు. మంచం కింద మూట ఉంటే విప్పించారు. పరుపుకు పెట్టుకున్న దూది. అందులో నేను లేను. "నీ సొంత గొంతుతో మాట్లాడు" అన్నారట. "ఐ యామ్ హావింగ్ వన్ వాయిస్, మేడమ్" అంది. అది విని మళ్లీ ఏదో రాసుకున్నారట.

బ్రిటన్ పోతున్నానని ఆమె మిల్లు పని మానేసింది. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు పొద్దున్నే పోయి, ఎవరైనా రాకపోతే పిలుస్తారని గేటు బయట నిలబడుతోంది. ఆ ఊళ్లో ఇప్పుడు మంచు పడుతోంది.

ఒక్క ఉత్తరం అడిగాను. మీరు నాకు రెండు రాశారు. అవి రాసే కాగితం మీద అది రాయగూడదా?

గౌరి

తా.క.: టైపింగు పొరపాటన్నారు. పొరపాటున వేలు జారితే పక్క అక్షరం పడుతుంది. యాడా అని పడాలంటే వేలు కాదు, నాలుక జారాలి. ఏ ఊరో ఇంకా చెప్పలేదు.


హైదరాబాద్,
8 మార్చి.

గౌరి గారికి నమస్కారం.

ఇది సంస్థ కాగితం కాదు, చూడండి. నా సొంత కాగితం, నా చేతిరాత. ఆఫీసు జవాబు వేరే వస్తుంది. అందులో 'ఈ విషయం ముగిసినది' అని ఒక్క వాక్యం ఉంటుంది. కారణం అందులో ఉండదు కాబట్టి ఇందులో రాస్తున్నాను.

మీరడిగిన ఉత్తరం సంస్థ రాయదు. రాస్తే, నేర్పింది ఆదోని గౌరి అని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే గ్రేస్ ఎవరని అడుగుతారు. మా దగ్గర అలాంటి గ్రేసులు నలభై మంది ఉన్నారు. ఎడిన్‌బరో కెవిన్‌ది తణుకు. విలియమ్‌ది సిరిసిల్ల. అతను పాఠం మధ్యలో తుమ్మితే "అమ్మా" అంటాడని, తుమ్మడానికి పది రోజులు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు తుమ్మొస్తే వణికిపోతాడు. మీ దిల్‌నోజా కోసం ఒక్క ఉత్తరం రాస్తే ఈ నలభై మంది పేర్లూ ఊడిపోతాయి. మా మేనేజరు మీ ఉత్తరాలన్నీ చదివాడు. "చాలా బాగా రాస్తుందయ్యా" అన్నాడు, ఫైలు మూసేశాడు.

మీరడిగారు కాబట్టి, మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. ఈ ఆఫీసులో మన వైపువాణ్ణి నేనొక్కణ్ణే. చేరిన కొత్తలో "యాడికి పోతాండారు సార్" అంటే గదంతా నవ్వింది. మర్నాడు చాయ్ తెచ్చే ఆయన కూడా "యాడ పెట్టాల సార్?" అన్నాడు. ఆరు నెలలు అద్దం ముందు నిలబడి 'ఎక్కడ' నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసినా ఎక్కడ అనే వస్తుంది. మా అక్క అలివేలమ్మ "యా ఊరప్పా నీది?" అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది గానీ, ఫోన్ పెట్టేశాక నాకు నవ్వు రాదు. మన వైపు మాట, ఇంటి ఫోన్‌లోనూ ఆఫీసు హెడ్‌ఫోన్‌లోనూ తప్ప, నేను విని ఆరేళ్లయింది.

ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమే. కానీ ఆదోని గొంతు అని పట్టింది యంత్రం. యంత్రంతో మీరూ నేనూ వాదించలేం. మూడేళ్లు ఎంతలో గడుస్తాయి. ఇంకెవరి దగ్గరైనా నేర్చుకుని మళ్లీ రాయమనండి. మీరు కూడా ఇక్కడితో వదిలేయండి. మీ మంచి కోరి చెబుతున్నాను.

ఇట్లు,
రాఘవ్

తా.క.: ఇక్కడ హోటల్లో టిఫినుకు మన బొరుగుల ఉగ్గాని అడిగాను. సర్వరు ఫోన్ తీసి, ఏ సైజు కావాలి సార్ అన్నాడు. నేను ఏ చొక్కా అడిగానని అనుకున్నాడో ఇప్పటికీ తెలియదు.


ఆదోని,
15 మార్చి.

దిల్‌నోజాను పట్టిచ్చింది యంత్రం కాదు. మీరు.

రిపోర్టు మొత్తం ఇవ్వమని దిల్‌నోజా బోర్డును అడిగింది. అడిగే హక్కు ఉందని నేనే వెతికి చెప్పాను. నాలుగు పేజీలు వచ్చాయి. మూడో పేజీ యంత్రానిది. "గొంతు మొదటినుంచి చివరిదాకా ఒక్కరిదే. అనుమానం లేదు" అని ఉంది. యంత్రం ఆమెను పాస్ చేసింది రాఘవ్ గారూ. దానికి ఆదోని తెలియదు.

నాలుగో పేజీ మనిషిది. పరీక్షల బోర్డు గొంతులు వినే పనిని బయటి సంస్థలకు ఇస్తుందట. ఈ గొంతును విన్నది సప్తసముద్ర, హైదరాబాద్. విన్నవారి పేరు లేదు, ఏడో నెంబరు అని ఉంది. పాఠం చెప్పించేదీ మీరే, చెప్పిన పాఠాన్ని తూకం వేసేదీ మీరే. కింద 'ఇతర విశేషాలు' అని ఒక గడి. అందులో ఏడో నెంబరు ఇంగ్లీషులో రాసిన రెండు వాక్యాలు:

"స్పీకర్ ఈజ్ ఫ్రమ్ ఆదోని ఓన్లీ. వెరీ హ్యాపీ టు హియర్."

లండన్ మనిషి ఎవడూ ఆ చోట ఓన్లీ పెట్టడు. ఆదోనే, అని మనం చివర దీర్ఘం తీస్తామే, ఆ దీర్ఘాన్ని ఇంగ్లీషులో దించాలంటే మనకు ఓన్లీ తప్ప దారి లేదు. అయ్యో విని ఇండియా అని ఎవరైనా చెప్పగలరు. కన్నడంవాళ్లూ అంటారు, తమిళంవాళ్లూ అంటారు. ఆదోని అని చెప్పాలంటే అవతల కూర్చున్నవాడిది ఆదోని అయినా కావాలి, ముప్పై కిలోమీటర్ల అవతల ఎమ్మిగనూరైనా కావాలి. మీ ఆఫీసులో మన వైపువాణ్ణి మీరొక్కరే అని మీరే రాశారు. మన మాట ఆఫీసు హెడ్‌ఫోన్‌లో విన్నానని కూడా మీరే రాశారు. ఫిర్యాదులు చూసే మీ చేతే గొంతులూ వినిపిస్తున్నారన్నమాట.

మీరు ఫిర్యాదు చేయలేదు. అది నాకు అర్థమైంది. రోజంతా ఎవరెవరివో గొంతులు వింటూ కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి ఊరు వినబడింది. సంతోషం పట్టలేక ఆ గడిలో రాసుకున్నారు. ఆ గడి తిన్నగా మోసాల విభాగానికి పోతుందని మీకు తట్టలేదు. వాళ్లు చూశారు. పాస్‌పోర్టులో అండిజాన్, గడిలో ఆదోని. దొంగ అన్నారు.

ఇదంతా మా అమ్మకు చెప్పాను.

"పాపం, ఊరి మాట ఇని సంతోషపడినాడు," అంది.

"ఆయప్ప సంతోషానికి ఆ పిల్ల మూడేండ్లు గేటు బయట నిలబడాల్నా?"

"నేను అట్లంటినా? ఆయప్పనే సెప్పమను. నేనే అంటిని, తెలీక అంటిని అని సెప్పమను. నోరుంది గదా."

ఆమె అన్నది నాకు సబబుగానే ఉంది. కానీ నా కోపం తగ్గలేదు. తెలియక రాశారు, సరే. ఫిబ్రవరి 3 నాటి నా ఉత్తరం చదివిన రోజు తెలిసింది కదా! ఆ గడి మీరే నింపారని తెలిసి కూడా మా అమ్మకు ఇంగ్లీషు ఎంత వచ్చని అడిగారు. తెలిసి కూడా యంత్రం మీదికి తోశారు. నా మంచి కోరానన్నారు. మిమ్మల్ని చూసి ఆ గదంతా నవ్విన రోజు మీకెట్లా ఉందో రాశారే. దిల్‌నోజా మంచం కింద మూట విప్పుతుంటే వీడియోలో ఎంతమంది చూశారో ఆమె లెక్కపెట్టి చెప్పింది. ఆరుగురు.

ఇప్పుడు మీరు చేయవలసింది రాస్తున్నాను.

బోర్డుకు ఉత్తరం రాయండి. సప్తసముద్ర కాగితం వద్దు. మీ సొంత కాగితం మీద, మీ పేరుతో, మీ ఊరితో. ఏడో నెంబరు నేనే అని రాయండి. నేను గుర్తుపట్టింది మాట తీరును, మనిషిని కాదు అని రాయండి. ఆ తీరు నేర్చుకుంటే వచ్చేదే అని రాయండి. 'ఎక్కడ' అనడం అద్దం ముందు నిలబడి నేర్చుకున్నవారు మీరు. ఒక మనిషి నోట్లోకి ఇంకో ఊరు ఎట్లా వస్తుందో మీకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఇంగ్లీషులో తప్పులుంటే ఉండనీయండి. కెవిన్ చేత మాత్రం దిద్దించకండి.

మీ ఉద్యోగం పోతుంది. తెలుసు. నాది పోయింది, దిల్‌నోజాది వచ్చేముందే పోయింది. మా మిల్లు కూడా ఈ నెలాఖరుతో మూస్తారు, పత్తి అయిపోయింది. ఉద్యోగాలు పోవడం గురించి నన్ను భయపెట్టవద్దు, మిమ్మల్ని నేను ఓదార్చను.

రాయకపోతే నేనే రాస్తాను. నాలుగో పేజీ, దాంతోపాటు మీ చేతిరాతతో ఉన్న ఈ ఎనిమిదో తేదీ ఉత్తరం, రెండూ కలిపి బోర్డుకు పంపుతాను. అందులో నలభై గ్రేసుల సంగతి మీ అక్షరాలతోనే ఉంది. విలియమ్ తుమ్ముతో సహా. ఆ నలభై మందీ నాలాంటివాళ్లే. వాళ్ల పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోయినా చేస్తాను. ఒక్కరి పేరుతో పోయేదాన్ని నలభై మంది దాకా తెచ్చేదీ తేనిదీ మీ చేతిలో ఉంది.

మన వైపు మనిషిని అన్నా అని పిలవకుండా ఇంత పొడుగు ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి. పిలిచేది పిలవనిది మీ ఉత్తరం చూశాక.

28న బోర్డు తలుపు మూస్తుంది. మీరు బోర్డుకు రాసిన ఉత్తరం నకలు, పంపినట్టు రసీదుతో సహా, మార్చి 24 సోమవారం సాయంత్రం అయిదులోపు నా చేతికి అందాలి.

గౌరి